బీడీఎస్ తర్వాత ఆర్థో: ప్రభుత్వ సీటా, డీమ్డ్ సీటా, అమెరికానా?

ఆర్థోడాంటిక్స్, అంటే వంకర పళ్లు సరిచేసే విభాగంలో పీజీ చేయాలని గట్టిగా అనుకున్న బీడీఎస్ విద్యార్థికి ఇంటర్న్‌షిప్‌లో ఉండగానే నలుగురు నాలుగు దారులు చూపిస్తారు. డెంటల్ పీజీ ప్రవేశ పరీక్ష నీట్ ఎండీఎస్‌కి ఇంకో ఏడాది కూర్చోమని ఒకరు, డబ్బు కట్టి డీమ్డ్ యూనివర్సిటీలో చేరిపొమ్మని ఇంకొకరు, ఇక్కడేముంది అమెరికా వెళ్లమని మరొకరు. వీళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదు. తమకు పనికొచ్చిన దారే చెబుతున్నారు. మీకు ఏది పనికొస్తుందో తేలాలంటే మాత్రం కాలేజీల పేర్ల కంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి. నలభై ఏళ్ల వయసులో మీరు ఏ దేశంలో పేషెంట్లను చూస్తూ ఉండాలనుకుంటున్నారు?

ఎందుకంటే మన ఎండీఎస్ స్పెషలిస్టు హోదా దేశం దాటితే దానంతటది వెంట రాదు. ఇక్కడ ఎండీఎస్ చేసి ప్రొఫెసర్ అయినవాళ్లు కూడా అమెరికాలో క్లినిక్ పెట్టాలంటే మామూలుగా మళ్లీ విద్యార్థిగా చేరాల్సిందే. ‘ముందు ఇక్కడ ఎండీఎస్ చేసేద్దాం, తర్వాత అటు చూద్దాం’ అనుకుంటే మూడేళ్లు, ఆ ఫీజు రెండుసార్లు పెట్టినట్టవుతుంది. దేశం తేల్చుకున్నాక మిగతా లెక్కలు చాలా తేలికవుతాయి.

## ఏయే లెక్కలు చూసుకోవాలి

డబ్బు సంగతిలో ఫీజు ఎంత అన్నది సగం ప్రశ్నే. అప్పు ఎవరి పేరున తీసుకుంటున్నారు, తాకట్టు ఏం పెడుతున్నారు, కోర్సు అయ్యాక మొదటి రెండు మూడేళ్లు సంపాదన సన్నగా ఉంటే వడ్డీ ఎవరు కడతారు అన్నది రెండో సగం. కాలం సంగతి మీ వయసు, పెళ్లి, ఇంటి బాధ్యతలను బట్టి ఉంటుంది. అది ఎవరికి వాళ్లే చూసుకోవాలి.

ఎక్కువమంది అసలు పట్టించుకోనిది కేసుల లెక్క. ఆర్థోలో దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. రూట్ కెనాల్ రెండు మూడు సిట్టింగ్‌లలో అయిపోతుంది. ఫిక్స్‌డ్ ఆర్థో కేసు, అంటే పళ్లకు బ్రాకెట్లు, తీగ అతికించి చేసే చికిత్స, మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు నడుస్తుంది. కెనైన్ (కోర పన్ను) ఎముకలో ఇరుక్కుపోయిన కేసైతే ఇంకా ఎక్కువ. మన ఎండీఎస్ మూడేళ్లు. మొదటి నెలలు వైర్ బెండింగ్, టైపోడాంట్ (నమూనా పళ్ల మీద సాధన), సెఫలోమెట్రిక్ ట్రేసింగ్ (తల ఎక్స్‌రే మీద కొలతలు) వీటితో గడిచిపోతాయి. మొదటి ఏడాది మధ్యలో బాండింగ్ చేసిన (బ్రాకెట్లు అతికించిన) కేసుని మీ చేతులతోనే డీబాండ్ చేసి (బ్రాకెట్లు తీసేసి), పళ్లు వెనక్కి జరగకుండా రిటెయినర్ ఇచ్చి, ఆరు నెలల తర్వాత పళ్లు ఎటు జరిగాయో కూడా చూడగలరు. రెండో ఏడాది చివర్లో మొదలైన కేసు మీ జూనియర్‌కి బదిలీ అవుతుంది. స్పేస్ క్లోజ్ చేయడం, అంటే పళ్ల మధ్య ఖాళీ మూయడం అందరూ నేర్చుకుంటారు. చివర్లో ఒక్కో పన్నునీ దిద్దే ఫినిషింగ్, డీటెయిలింగ్ మాత్రం తొందరగా కేసులు అందినవాళ్లకే వస్తాయి.

డెంటల్ కౌన్సిల్ సిలబస్ ఒక్కో పీజీ సొంతంగా కనీసం 50 కేసులు మొదలుపెట్టాలని, సీనియర్లు అప్పగించినవి కనీసం 20 చూడాలని చెబుతుంది. ఫైనల్ ప్రాక్టికల్‌లో కనీసం ఐదు ట్రీట్ చేసిన కేసులను రికార్డులతో సహా చూపించాలి. కాగితం మీద అన్ని కాలేజీలూ ఇవి పూర్తి చేస్తాయి. ఆ 50 ఏ నెలలో మొదలయ్యాయి అన్నదే తేడా.

## ప్రభుత్వ సీటు

దారి అందరికీ తెలిసిందే. నీట్ ఎండీఎస్‌లో 240 ప్రశ్నలు, మూడు గంటలు, సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లు ఆలిండియా కోటాలో మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) కౌన్సెలింగ్ ద్వారా నిండుతాయి. స్టేట్ కోటా సీట్లను తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఆంధ్రలో విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ చూస్తాయి. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐలకు నీట్ కాదు, ఏడాదికి రెండుసార్లు జరిగే ఐఎన్‌ఐ సెట్ రాయాలి. అక్కడ ఆర్థో సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే. అయినా చదివేది ఒకటే కాబట్టి రెండూ రాయడంలో నష్టం లేదు.

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ లాంటి చోట పేషెంట్ల కొరత ఉండదు. రకరకాల మాల్‌ఆక్లూజన్లు (పై పళ్లు, కింది పళ్లు సరిగా కలవని కేసులు), పెదవి, అంగిలి చీలిన క్లెఫ్ట్ పిల్లలు, సర్జరీ కావాల్సిన దవడ కేసులు ఒక్క చోటే కనిపిస్తాయి. ఫీజు తక్కువ, స్టైపెండ్ ఉంటుంది. ఇబ్బందులూ ఉన్నాయి. సామాను కోసం ఎదురుచూపులు, కొత్త స్కానర్లు ఆలస్యంగా రావడం, పని భారం మీద చదువుకు టైమ్ దొరక్కపోవడం. కోర్సు అయ్యాక సర్వీస్ బాండ్ ఉంటుందా, ఎన్నాళ్లు, వదిలేస్తే ఎంత కట్టాలి అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆలిండియా కోటాలో వేరే రాష్ట్రం పెట్టుకునేముందు అది తప్పనిసరిగా చదవండి.

ప్రభుత్వ కాలేజీల్లో మొదట నిండే బ్రాంచీల్లో ఆర్థో ఒకటి. అందుకే ఇక్కడ ఎంపిక మీ చేతిలో ఉండేది తక్కువ. ర్యాంకు వస్తే, ఇండియాలో స్థిరపడేవాళ్లకు దీన్ని కాదనడానికి నాకైతే ఒక్క కారణమూ కనిపించదు.

## ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు

దీనికి దక్కాల్సిన గౌరవం దక్కడం లేదు. మేనేజ్‌మెంట్ కోటాలో వచ్చినవాళ్లతో పాటు అదే డిపార్ట్‌మెంట్, అదే గైడ్, అదే కుర్చీలు. ఫీజు మాత్రం ప్రభుత్వం నిర్ణయించినది. భీమవరం, గుంటూరు, నెల్లూరు, ఖమ్మం, వికారాబాద్ చుట్టుపక్కల చాలా ఏళ్లుగా నడుస్తున్న కాలేజీల్లో పేషెంట్లకు అలవాటైన డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. బీడీఎస్ బయటి రాష్ట్రంలో చేసినవాళ్లు లోకల్ స్టేటస్ నిబంధన ముందే చూసుకోవాలి. కౌన్సెలింగ్ రోజున తెలిస్తే చేసేదేమీ ఉండదు.

కనిపించని ఖర్చు ఒకటుంది. పేషెంట్లు తక్కువ వచ్చే కాలేజీల్లో కేసు మొదలుపెట్టడం కోసం బ్రాకెట్ల ఖర్చు, కొన్నిసార్లు పేషెంటు బస్సు చార్జీ కూడా పీజీలే పెట్టుకుంటారు. యాభై కేసులకు అది చిన్న మొత్తం కాదు. ఫీజు తక్కువని చేరిన కాలేజీ ఇలా ఖరీదైన సందర్భాలు నాకు తెలుసు. అక్కడ చదువుతున్న రెండో ఏడాది పీజీని అడిగితే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

## మేనేజ్‌మెంట్, డీమ్డ్ సీట్లు

డబ్బున్నా నీట్ క్వాలిఫై కావాల్సిందే. జనరల్‌కి 50వ పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40వది. డీమ్డ్ యూనివర్సిటీల సీట్లన్నీ ఎంసీసీ కౌన్సెలింగ్‌లోనే నిండుతాయి. సీటు ఇప్పిస్తామని ఫోన్ చేసే ఏజెంట్లకు అడ్వాన్స్ ఇవ్వాల్సిన పని ఎంతమాత్రం లేదు.

విశాఖ గీతం, చెన్నై సవిత, మణిపాల్ లాంటి చోట్ల స్కానర్, సీబీసీటీ (త్రీడీ ఎక్స్‌రే), మినీ స్క్రూలు, అలైనర్ (పళ్లకు తొడిగే పారదర్శక తొడుగు) సాఫ్ట్‌వేర్ చేతికి అందుతాయి. డీమ్డ్‌లో ఆర్థో ఫీజు ఏడాదికి 10 లక్షలు దాటడం మామూలే. హాస్టల్, పుస్తకాలు, సామాను కలిపితే మూడేళ్లకు ఎంతవుతుందో ఒక కాగితం మీద రాసి, దాని పక్కనే ఆ డబ్బు వెనక్కి వచ్చే తీరు రాయండి.

ఆ తీరు ఇలా ఉంటుంది. హైదరాబాద్‌లో కొత్తగా బయటికొచ్చిన ఆర్థోడాంటిస్ట్ ఎక్కువగా కన్సల్టెంట్‌గా తిరుగుతారు. సోమవారం కూకట్‌పల్లి, మంగళవారం ఉప్పల్, నెలకో రెండుసార్లు ఒక జిల్లా కేంద్రం. కేసు మొత్తంలో వాటా. పేషెంటు ఒకేసారి కట్టడు, నెలనెలా కడతాడు. కాబట్టి మొదటి ఏడాది చేతికి వచ్చేది తక్కువ, కేసులు పేరుకున్నాకే రాబడి నిలకడవుతుంది. పైగా తేలికైన కేసులు ఇప్పుడు చాలా జనరల్ క్లినిక్కులే అలైనర్లతో చేసేస్తున్నాయి. మీ దగ్గరికి వచ్చేవి కష్టమైనవి, టైమ్ పట్టేవి.

ఇంట్లో ఇప్పటికే క్లినిక్ నడుస్తుంటే, సొంత ఊళ్లో ఆర్థోడాంటిస్ట్ లేకుంటే, డబ్బు అప్పు కాకుండా పొదుపు నుంచి వస్తుంటే ఈ సీటు సరైనదే. ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టి చేరాల్సి వస్తే వద్దనే చెబుతాను. ఆ వడ్డీ టెన్షన్‌లో ఉన్న డాక్టర్ అవసరం లేని ఎక్స్‌ట్రాక్షన్ (పళ్లు తీసే) కేసుకీ, అవసరం లేని అలైనర్‌కీ సరే అనేస్తారు. అది పేషెంటుకి మంచిది కాదు, మీకూ మంచిది కాదు.

మరి ర్యాంకు రాలేదు, డబ్బూ లేదు, అప్పుడేం చేయాలి? రెండో ప్రయత్నం ధైర్యంగా చేయండి. మూడోది మాత్రం క్లినిక్‌లో పని చేస్తూ చేయండి, చేతి పని మర్చిపోకుండా ఉంటుంది. పిల్లల పళ్ల విభాగం, అంటే పీడో, వస్తే తోసిపుచ్చకండి. ఎదిగే పిల్లల్లో సమస్య ముదరకముందే సరిచేసే ఇంటర్‌సెప్టివ్ ఆర్థో చాలావరకు అక్కడా నేర్పుతారు. చివరి రౌండ్లలో వచ్చిన సీటుని చేరకుండా వదిలేస్తే డిపాజిట్ పోవడం, తర్వాతి పరీక్షకు అడ్డు రావడం లాంటి నిబంధనలు ఉంటాయి. కాబట్టి చేరే ఉద్దేశం లేని కాలేజీని లిస్టులో పెట్టొద్దు.

## అమెరికా: డీడీఎస్ మళ్లీ చదివి, ఆపై ఆర్థో

ఇది పొడవైన దారి, కానీ చివర్లో తలుపులు పూర్తిగా తెరుచుకునేది ఇదే. ముందు మీ మార్కుల మూల్యాంకనం, ఐఎన్‌బీడీఈ (అక్కడి డెంటల్ బోర్డు పరీక్ష), టోఫెల్ (ఇంగ్లీషు పరీక్ష). తర్వాత క్యాపిడ్ అనే అప్లికేషన్ సర్వీస్ ద్వారా, విదేశీ డెంటిస్టులను కోర్సు మధ్యలో చేర్చుకునే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ ప్రోగ్రాములకు దరఖాస్తు. రెండు నుంచి మూడేళ్లు చదివితే డీడీఎస్ లేదా డీఎండీ, అంటే అక్కడి డెంటిస్ట్ డిగ్రీ. ఆ తర్వాత పాస్ అనే అప్లికేషన్ సర్వీస్ ద్వారా ఆర్థో రెసిడెన్సీకి (అక్కడి పీజీ శిక్షణకి) మళ్లీ దరఖాస్తు, ఇంటర్వ్యూలు, సీట్లు కేటాయించే మ్యాచ్. రెసిడెన్సీ 24 నుంచి 36 నెలలు.

ఇక్కడ చాలామందికి ఆలస్యంగా అర్థమయ్యే విషయం ఒకటుంది. పాస్ అప్లికేషన్ మే నెలలో తెరుచుకుంటుంది, ఎక్కువ ఆర్థో ప్రోగ్రాముల గడువు అక్కడి వేసవి చివరికి ముగుస్తుంది, ఆర్థో మ్యాచ్ ఫలితం డిసెంబరు ప్రాంతంలో వస్తుంది, చేరేది మరుసటి వేసవిలో. రెండేళ్ల డీడీఎస్‌లో చేరినవాళ్లు గ్రాడ్యుయేట్ అయిన వెంటనే ఆర్థోలో చేరాలంటే, అప్లికేషన్ పెట్టే నాటికి వాళ్ల చేతిలో అమెరికా మార్కులు ఒక్క ఏడాదివే ఉంటాయి. మిమ్మల్ని బాగా ఎరిగి లెటర్ రాసే ఆర్థో ఫ్యాకల్టీ కూడా ఆ ఏడాదిలోనే దొరకాలి. మూడేళ్ల ప్రోగ్రామ్ ఖరీదైనా, ఆర్థోయే లక్ష్యమైతే రెండేళ్ల మార్కులు, ఒక రీసెర్చ్ ప్రాజెక్టు, డిపార్ట్‌మెంట్‌తో పరిచయం చూపించగలరు. అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ వాళ్లకు కొన్ని స్కూళ్లు క్లాస్ ర్యాంకే ఇవ్వవు. ఐఎన్‌బీడీఈ పాస్, ఫెయిల్ మాత్రమే, స్కోరు ఉండదు. అందుకే డెంటల్ పీజీ ప్రవేశ పరీక్ష అడాట్ స్కోరు, లెటర్లు బరువెక్కుతాయి. కొన్ని ప్రోగ్రాములు జీఆర్‌ఈ కూడా అడుగుతాయి.

ఖర్చు సంగతి సూటిగా చెప్పుకోవాలి. ప్రైవేటు డెంటల్ స్కూళ్లలో ట్యూషన్ ఏడాదికి లక్ష డాలర్లకు అటూ ఇటూగా ఉంది. తిండి, ఇల్లు కలిపితే డీడీఎస్ వరకే రెండు కోట్ల రూపాయల పైమాట. ఆర్థో రెసిడెన్సీల్లో స్టైపెండ్ ఇచ్చేవి కొన్ని, మళ్లీ ట్యూషన్ తీసుకునేవి చాలా. డీడీఎస్ అప్పు మీద ఆర్థో అప్పు చేయడమా, ముందు రెండు మూడేళ్లు జనరల్ డెంటిస్ట్‌గా పని చేసి తగ్గించుకోవడమా అన్నది అక్కడ చదివే ప్రతి తెలుగు విద్యార్థికీ ఎదురయ్యే ప్రశ్న. నా ఓటు రెండోదానికే. పని అనుభవం అప్లికేషన్‌కి అడ్డు కాదు.

వీసా మాట కూడా ఇందులో భాగమే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలో చదువుతూ ఎఫ్-1 నుంచి మారేవాళ్లకు అది వర్తించదని ఆ తర్వాత వివరణ వచ్చింది. ఆరేడేళ్ల దారిలో ఇలాంటి మార్పులు మధ్యలో వస్తాయి. అప్పు అంతా పై చదువు కచ్చితంగా అయిపోతుందన్న లెక్క మీద చేయొద్దు.

## అమెరికా: నేరుగా ఆర్థో రెసిడెన్సీ

విదేశీ డెంటిస్టులను డీడీఎస్ లేకుండానే తీసుకునే ఆర్థో ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. ఇది దగ్గరి దారిలా కనిపిస్తుంది. కొందరికి నిజంగానే దగ్గరి దారి. కానీ అమెరికాలో లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రాలు. ఎక్కువ రాష్ట్రాలు గుర్తింపున్న స్కూల్ నుంచి డీడీఎస్ లేదా డీఎండీ అడుగుతాయి. గుర్తింపున్న రెసిడెన్సీ ఒక్కటే చాలు అనేవి కొన్నే. భర్త ఉద్యోగం న్యూజెర్సీలో, మీ లైసెన్స్ చెల్లేది ఇంకెక్కడో అయితే ఇల్లు రెండు ముక్కలవుతుంది. చేరకముందే మీరు ఉండబోయే రాష్ట్రం డెంటల్ బోర్డు నిబంధన చదవండి. హెచ్-4 (భార్య లేదా భర్త హెచ్-1బీ మీద వచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు ఇంకొకటి అడగాలి: ఆ ప్రోగ్రామ్ రెసిడెంట్‌ని విద్యార్థిగా చూస్తుందా, జీతం తీసుకునే ఉద్యోగిగానా? రెండోదైతే పని అనుమతి కావాలి.

ఇంకో జాగ్రత్త. ఫెలోషిప్, ప్రిసెప్టర్‌షిప్, ఆర్థో ఇంటర్న్‌షిప్ పేరుతో ఏడాది కోర్సులు ఉంటాయి. ఫ్యాకల్టీ పరిచయానికి, లెటర్‌కి పనికొస్తాయి. డెంటల్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే కోడా ఒప్పుకున్న రెసిడెన్సీ మాత్రం కావు, లైసెన్స్ ఇవ్వవు.

## ఒక చూపులో

| దారి | బీడీఎస్ తర్వాత కాలం | డబ్బు | ప్రాక్టీస్ ఎక్కడ |
|---|---|---|---|
| ప్రభుత్వ సీటు | ప్రిపరేషన్, 3 ఏళ్లు | తక్కువ ఫీజు, స్టైపెండ్ | ఇండియా |
| ప్రైవేటు కన్వీనర్ | ప్రిపరేషన్, 3 ఏళ్లు | నిర్ణీత ఫీజు, పైన సామాను | ఇండియా |
| మేనేజ్‌మెంట్, డీమ్డ్ | 3 ఏళ్లు | డీమ్డ్‌లో ఏడాదికి 10 లక్షలు దాటొచ్చు | ఇండియా |
| డీడీఎస్, ఆపై ఆర్థో | 5 నుంచి 8 ఏళ్లు | రెండు కోట్ల పైమాట | అమెరికా అంతటా |
| నేరుగా అమెరికా ఆర్థో | 3 నుంచి 5 ఏళ్లు | ప్రోగ్రామ్‌ని బట్టి | కొన్ని రాష్ట్రాల్లోనే |

ఇండియా ఎండీఎస్‌తో గల్ఫ్ వెళ్లే దారి కూడా ఉంది. కొన్నేళ్ల అనుభవం, అక్కడి లైసెన్స్ పరీక్ష కావాలి. బ్రిటన్‌లో అయితే ముందు విదేశీ డెంటిస్టులకు పెట్టే ఓఆర్‌ఈ లాంటి పరీక్షతో రిజిస్ట్రేషన్, తర్వాతే స్పెషాలిటీ ట్రైనింగ్ పోటీ. ఇక వారాంతపు ఆర్థో, అలైనర్ కోర్సులు క్లినిక్‌లో చిన్న కేసులు చేసుకోవడానికి ఉపయోగపడతాయి, స్పెషలిస్ట్ అనే బోర్డు పెట్టుకోవడానికి కాదు.

## ఎవరికి ఏది

తల్లిదండ్రులు ఇక్కడే ఉంటారు, వాళ్లకు దగ్గరలో ఉండాలి అనుకునేవాళ్లు అమెరికా మాట పూర్తిగా పక్కన పెట్టి నీట్ మీద కూర్చోండి. సగం మనసుతో రెండు పరీక్షలకు చదివితే రెండూ దెబ్బతింటాయి. పెళ్లయి ఇప్పటికే అమెరికాలో ఉన్నవాళ్లకు ఎండీఎస్ కోసం వెనక్కి రావడం దాదాపు ఎప్పుడూ లాభం కాదు, క్యాపిడ్ మొదలుపెట్టండి. పాఠాలు చెప్పడం ఇష్టమైతే ఇండియాలో ఎండీఎస్ తర్వాత సీనియర్ లెక్చరర్ నుంచి మొదలయ్యే దారి ఉంది. అప్పుడు గైడ్ ఎవరు, పబ్లికేషన్లు ఎలా ఉన్నాయి అన్నవి కుర్చీల సంఖ్య కంటే ముఖ్యం. చిన్న పట్టణంలో సొంత క్లినిక్ కల ఉన్నవాళ్లకు పెద్ద పేరున్న కాలేజీ కన్నా పేషెంట్లు కిక్కిరిసిన కాలేజీ మేలు.

## లిస్టు పెట్టేముందు డిపార్ట్‌మెంట్‌కి ఒకసారి వెళ్లండి

ఇండియా సీటు అయితే వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు మీరు అనుకుంటున్న మూడు నాలుగు కాలేజీలకు సోమవారం ఉదయం వెళ్లండి. హెచ్‌వోడీ గది కంటే ముందు పీజీల గదికి వెళ్లండి. మొదటి ఏడాది పీజీని అడగాల్సింది: మొదటి బాండింగ్ ఏ నెలలో చేశారు? మూడో ఏడాది వాళ్లని: ఇప్పటికి ఎన్ని కేసులు డీబాండ్ అయ్యాయి, వాటి రికార్డులు చూపిస్తారా? బ్రాకెట్లు, ఆర్చ్‌వైర్లు ఎవరు కొంటారు? స్టైపెండ్ చేతికి వస్తుందా, సంతకం వరకేనా? కుర్చీ కోసం ఎంతమంది వరుసలో ఉంటారు? సర్జరీ కేసులు ఓరల్ సర్జరీ వాళ్లతో కలిసి ప్లాన్ చేస్తారా?

రికార్డులు తెరిచి చూపిస్తే ముందు ఫొటో, తర్వాత ఫొటో పక్కపక్కన పెట్టి మోలార్ల దగ్గర చూడండి. ముందు పళ్లు అందంగా ఉండి, వెనక పళ్లు సరిగా కలవకుండా డీబాండ్ చేసిన కేసులు ఎక్కువగా ఉంటే అక్కడ ఫినిషింగ్‌కి టైమ్ దొరకడం లేదని అర్థం. అదే కాలేజీలో ఫీజు తక్కువైనా, బిల్డింగ్ కొత్తదైనా, దాన్ని లిస్టులో ఒకటి రెండు మెట్లు కిందికి దించండి.